బాడ్మింటన్ జోళ్లు - మోకాళ్ల సంరక్షణ

సంబంధములేని రెండు సంగతులను కలిపి మాటలాడువారిని చూచి "బోడిగుండునకు మోకాలికి ముడిపెట్టుచున్నాడు" అని మన పెద్దలు నవ్వుదురు. జోళ్లకును మోకాలికిని సంబంధము కలదని మేము చెప్పినప్పుడు మా విద్యార్థుల తల్లిదండ్రులలో కొందఱు అట్లే నవ్విరి. "జోళ్లు పాదమునకు గదా, మాస్టరుగారూ, నడుమ మోకాలి మాట యేల?" అని ఒక తండ్రిగారు అడిగిరి. ఆ ప్రశ్న సమంజసమైనదే. దానికి ప్రత్యుత్తరముగా ఈ చిన్న పాఠమును వ్రాయుచున్నాము.

ఇది వ్రాయుటకు మఱియొక కారణముకూడ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు పాఠశాలల పోటీలకు సిద్ధపడుచుండెను. అతని జోళ్లు అన్నగారివి. అవి పరుగుపందెములకై చేసినవి. అతని పాదమునకు ఒక సైజు పెద్దవి. ముందుభాగమున గుడ్డపేలికలు కూరి తొడుగుకొనెడివాడు. మోకాలిచిప్ప క్రింద రెండు వారములుగా నొప్పిగా నున్నదని అతడు మాతో చెప్పెను. ఆటగాడు నొప్పిని లెక్కచేయకూడదని చెప్పి, వీపు తట్టి పంపితిమి. పోటీనాడు వెనుకకు పరుగెత్తి, యెగిరి కొట్టి, ఒంటికాలిపై దిగినప్పుడు పాదము జోడులో ప్రక్కకు జాఱెను. మోకాలు లోపలికి మెలిదిరిగెను. ఆ సంవత్సరమంతయు అతడు గట్టున కూర్చుండి యితరుల ఆట చూడవలసి వచ్చెను. అతని జోళ్లను మేము అంతకుముందు ఒక్కసారియైనను చేతికి తీసికొని చూచియుండలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, అప్పుడు ఈ విషయమును శ్రద్ధగా చదువ నారంభించితిమి. చదివి తెలిసికొన్నదానిలోను, పిమ్మట ఆటస్థలమున కన్నులార చూచినదానిలోను ముఖ్యమైనది ఇచ్చట చెప్పెదము.

1. ఈ ఆటలో కాళ్లు పడు శ్రమ

బాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు. నడుమ నెట్టు ఉండుటచే ఒక్కొక్క వైపునకు 6.70 మీటర్లు వచ్చును. సింగిల్స్ ఆటకు వెడల్పు 5.18 మీటర్లు మాత్రమే. షటిల్ బరువు ఇంచుమించు 5 గ్రాములు. ఇంత చిన్న చోటున, ఇంత తేలిక వస్తువుతో ఆడు ఆటలో అపాయమేమి యని తోచవచ్చును. చోటు చిన్నదగుటయే అపాయమునకు మూలము. పరుగుపందెమున కాలు ముందునకే సాగును. పందెము ముగిసిన తరువాత వేగము మెల్లగా తగ్గును. బాడ్మింటన్ ఆడువాడు రెండు మూడు అడుగులలో వేగము నందుకొని, మఱుసటి అడుగుననే నిలిచిపోయి, వచ్చిన దారినే మరలవలెను. నెట్టు దగ్గఱకు ఒక్క పెద్ద అడుగు చాచుట, ప్రక్కలకు జరుగుట, వెనుకకు పోయి యెగిరి కొట్టి దిగుట - ఈ మూడింటిని ఒక్క ఆటలోనే లెక్కకు మించినన్ని మారులు చేయవలెను. చూచువారి కన్ను చేతిమీద నుండును గాని ఆట నడచునది కాళ్లతోనే. ఎగిరి దిగునప్పుడు శరీరపు బరువునకు కొన్ని రెట్ల భారము ఒక్క క్షణమున ఒక్క కాలిమీద పడును.

2. మోకాలు ఎట్టిది

మోకాలియందు తొడయెముక పైనుండియు, పిక్కయెముక క్రిందినుండియు వచ్చి కలిసికొనును. వీని ముందు చిప్ప యుండును. రెండు యెముకల నడుమ నెలవంక ఆకారముగల మృదులాస్థి మెత్తలు రెండు దెబ్బను ఓర్చుకొనును. యెముకలను విడిపోనీయక పట్టియుంచునవి నాలుగు గట్టి బంధనములు. ఇరుప్రక్కల రెండు; నడుమ కత్తెరవలె ఒకదాని నొకటి దాటిపోవునవి రెండు. ఈ కత్తెర బంధనములలో ముందరిది ఆటగాండ్రకు తఱచుగా తెగునది.

మోకాలు ముఖ్యముగా తలుపుబందువంటిది. ముడుచుట, చాచుట దాని పని. మెలిదిరుగుటకు దానికి గల స్వేచ్ఛ బహు స్వల్పము. పాదము ప్రక్కకు వంగగలదు. తుంటి నలుదిక్కులకు తిరుగగలదు. నడుమనున్న మోకాలికి ఆ వీలు లేదు. ఇంటి తలుపును చూడుడు. తలుపు జాఱినను, ద్వారబంధము క్రుంగినను, విఱుగునది నడుమనున్న బందే. బందును మార్చినంత మాత్రమున కీడు తొలగదు. అట్లే మోకాలు తఱచుగా తన తప్పువలన చెడదు. క్రింద పాదము స్థిరముగా లేకున్నను, పైన తొడయు తుంటియు బలహీనముగా నున్నను, ఆ లోపమునకు మోకాలు మూల్యము చెల్లించును. దేహమున ఏ అవయవమును మఱియొకదానితో నీవు నా కక్కఱలేదని చెప్పజాలదని పౌలు కొరింథు సంఘమునకు నేర్పిన పాఠము ఆటస్థలమునకును చెల్లును. ఆ తండ్రిగారి ప్రశ్నకు ఇదియే మా ప్రత్యుత్తరము.

3. నేలను బట్టి జోళ్లు

మన ప్రాంతపు పాఠశాలలలో చిరకాలముగా ఆడుచున్న బాల్ బాడ్మింటన్‌ను పసుపుపచ్చని ఉన్నిబంతితో మట్టినేలపై ఆడుదురు. మట్టిపై పాదము కొంచెము జాఱి నిలుచును. అందువలన దెబ్బ కొంత తగ్గును. షటిల్ ఆటకు మంచి నేల చెక్కనేల, లేక దానిపై పఱచిన ప్రత్యేకపు చాప. చెక్క కొంచెము క్రుంగి లేచును. సిమెంటు నేల క్రుంగదు. దెబ్బ యంతయు కాలికే తిరిగి వచ్చును. మనలో పెక్కుమంది ఆడునది సిమెంటుపైననే గనుక, మనకు మంచి జోళ్లయొక్క అవసరము మఱింత అధికము.

నేలకును జోడునకును నడుమ పట్టు ఉండవలెను. పట్టు తక్కువైనచో కాలు జాఱును. పట్టు మితిమీఱినను ప్రమాదమే; పాదము నేలకు అతుక్కొనిపోయి శరీరము మాత్రము తిరిగినప్పుడు, ఆ తిరుగుడు మోకాలిలో పడును. దుమ్ముపడిన సిమెంటు నేలపై ఎంత మంచి జోళ్లైనను జాఱును. కాబట్టి ఆటకు ముందు నేలను ఊడ్చుట, చెమట పడినచోట తుడుచుట ఆటగాని మొదటి పని. మా పిల్లలు చీపురు పట్టుటకు సిగ్గుపడుదురు గాని, రాకెట్ పట్టుటకంటె ముందు పట్టదగినది అదియే.

4. జోళ్లను ఎట్లు పరీక్షింపవలెను

మొదటిది, అడుగుభాగము. అది నేలను పట్టుకొను మెత్తని రబ్బరుదై, గోరుతో నొక్కినప్పుడు కొంచెము లొంగవలెను. గాజువలె గట్టిగా నుండునది పనికిరాదు. నేలపై నల్లని చాఱలు పడవేయునదియు కూడదు.

రెండవది, మడమ యెత్తు. పరుగు జోళ్లకు మడమ క్రింద దళమైన మెత్త యుండును. ముందునకు పరుగెత్తువానికి అది మేలు. ప్రక్కకు దూకువానికి అది ఎత్తుపీటమీద నిలిచినట్లగును; చీలమండ సులభముగా మడతపడును. బాడ్మింటన్ జోళ్లలో పాదము నేలకు దగ్గఱగా నుండవలెను.

మూడవది, ప్రక్కబలము. జోడును రెండు చేతుల పట్టి తడిగుడ్డను పిండినట్లు మెలివేసి చూడుడు. సులభముగా మెలితిరుగునది వలదు. పిమ్మట ముందుభాగమును పైకి వంచుడు. వ్రేళ్లు వంగుచోటనే అది వంగవలెను; నడిమికి మడతపడునది పాదమును మోయజాలదు. మడమను చుట్టియుండు భాగము వ్రేళ్లతో నొక్కినను అణగక గట్టిగా నిలువవలెను.

నాలుగవది, మెత్తదనము. మడమ క్రిందను, వ్రేళ్ల మొదళ్ల క్రిందను దెబ్బ నోర్చు మెత్త యుండవలెను. అయితే దూదిదిండువలె క్రుంగునది కూడదు. డ్రిల్లునకు వాడు తెల్లని కాన్వాసు జోళ్లు నేలకు దగ్గఱగానే యుండును గాని, వానిలో మెత్తయు ప్రక్కబలమును తక్కువ. కొద్దిసేపు నేర్చుకొనుటకు అవి చాలును. దినమునకు గంటలతరబడి సిమెంటుపై ఆడుటకు చాలవు.

ఐదవది, అమరిక. ఇది అన్నిటికంటె ముఖ్యము. సాయంకాలమునకు పాదములు కొంచెము ఉబ్బును గాన, అప్పుడే అంగడికి పోవలెను. ఆటనాడు తొడుగుకొను మేజోళ్లనే తొడుగుకొని పోవలెను. ఇంటివద్ద కాగితముపై నిలువబడి పాదము చుట్టును పెన్సిలుతో గీత గీయించుకొని, ఆ ఆకారమును కత్తిరించి వెంట తీసికొనిపోవుడు. ఆ కాగితము జోడులో ముడుతపడినచో జోడు ఇఱుకని తెలియును. చెప్పులు లేకయో, తెఱపిగల చెప్పులతోనో పెరిగిన మన పిల్లలలో అనేకులకు పాదము ముందుభాగము వెడల్పుగా నుండును; పొడవు సరిపోయినంత మాత్రమున తృప్తిపడరాదు. రెండు పాదములు సమానముగా నుండవలెనను నియమము లేదు. పెద్దదానికి సరిపోవుదానిని తీసికొనవలెను. నిలువబడినప్పుడు పొడవైన వ్రేలికి ముందు ఒక సెంటీమీటరు చోటు మిగులవలెను. మడమ లోపల పైకి లేవరాదు. అంగడిలోనే ఐదాఱుసారులు పెద్ద అడుగు చాచి ఆగి చూడుడు. వ్రేళ్లు ముందుగోడకు తగిలినచో ఆ జోళ్లు మీవి కావు. అంగడివాడు విసుగుకొన్నను సంకోచింపకుడు. నొప్పి అతనిది కాదు.

ఇఁక రంగులు, మెఱుపులు, పేరు. "పైన పటారము, లోన లొటారము" అను సామెత జోళ్ల విషయమున మిక్కిలి నిజము. ప్రసిద్ధ ఆటగాడు తొడుగుకొన్న జోళ్లు అతని పాదమునకు కొలిచినవి. మన పాదమునకు కావు.

5. తల్లిదండ్రులకు విన్నపము

పెరుగు పిల్లవానికి రెండేండ్లు రావలెనని పెద్ద సైజు కొనుట మన యిండ్లలో అలవాటు. చొక్కా విషయమున ఈ పొదుపు మంచిదే. జోళ్ల విషయమున ఇది పొదుపు కాదు. వదులు జోడులో పాదము జాఱును. జాఱిన ప్రతిసారియు మోకాలు దానిని సరిచేయ ప్రయత్నించును. అన్నగారి పాత జోళ్లును అట్టివే. అవి అన్న నడకనుబట్టి ఒకప్రక్కకు అరిగియుండును. వానిని బల్లపై పెట్టి వెనుకనుండి చూడుడు; ఒరిగియున్నచో తమ్మునికి ఇయ్యకుడు.

ఖర్చును తగ్గించు మార్గము వేఱొకటి కలదు. ఆ జోళ్లను కోర్టులో మాత్రమే తొడుగవలెను. సంచిలో తెచ్చుకొని, ఆడి, మరల సంచిలో పెట్టుకొనవలెను. రోడ్డుపై నడిచినచో మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోవును. ఇసుకరేణువులు చేరి పట్టు పోవును. లేసులు విప్పక మడమను త్రొక్కి యీడ్చు అలవాటు మంచి జోళ్లనుకూడ కొద్ది నెలలలో పాడుచేయును. తడిసినవానిలో వార్తాపత్రిక కాగితము కూరి నీడన ఆరవేయవలెను. పొయ్యివద్దను, మండుటెండలోను పెట్టరాదు. మూడు నాలుగు నెలల కొకసారి పిల్లవాని బొటనవ్రేలు ఎంతవఱకు వచ్చినదో తల్లియో తండ్రియో స్వయముగా నొక్కి చూడవలెను. అడుగుగీతలు అరిగి నున్ననైనప్పుడు ఇఁక వానిని ఆటకు వాడరాదు.

ఈ ఖర్చునుకూడ భరింపలేని కుటుంబములు కలవని మేమెఱుగుదుము. ఆ బాలుని సంగతి జరిగిన పిమ్మట మా ఆటసామానుల గదిలో వేర్వేరు సైజుల జోళ్లు కొన్ని ఉంచితిమి. అడుగుటకు ఎవరును సిగ్గుపడనక్కఱలేదు. సరిపడని జోళ్లతో ఆడువానిని కోర్టులోనికి పంపకుండుట ఇప్పుడు మా నియమము.

6. మోకాలిని కాపాడు అలవాట్లు

జోళ్లు క్రిందిపని చేయును. పైపని మనమే చేయవలెను. ఎంత వెలగల జోళ్లైనను చెడ్డ అడుగును మంచి అడుగుగా మార్చలేవు.

ఆటకు ముందు పది పదునైదు నిమిషములు మెల్లని పరుగు, ప్రక్క అడుగులు, తేలిక యెగురుళ్లు చేసి ఒంటిని వేడి చేయవలెను. చల్లని కండ్లతో ఆరంభముననే స్మాష్ కొట్టబోవుట కూడదు.

దిగునప్పుడు మోకాలిని కొంచెము వంచి, పిల్లివలె చప్పుడు లేక దిగవలెను. చెవియే ఇచ్చట మంచి గురువు. దబ్బున వినబడినచో దెబ్బ మోకాలు తినెనని తెలిసికొనుడు. మోకాలు ఎల్లప్పుడు పాదపు వ్రేళ్ల దిక్కునకే వంగవలెను, లోపలికి క్రుంగరాదు. ఒకడు దిగుచుండగా మఱియొకడు ఎదుట నిలిచి ఈ సంగతినే చూచి చెప్పవలెను. బాడ్మింటన్ ఆటగాండ్ర మోకాలిలోని ముందరి కత్తెర బంధనము ఎట్లు తెగుచున్నదో జపాను పరిశోధకులు విచారించి 2010లో ప్రకటించిరి. వెనుకకు పోయి తలపైనుండి కొట్టి, రాకెట్ పట్టని వైపు కాలిపై ఒంటిగా దిగునప్పుడు ఎక్కువమందికి ఆ కీడు కలిగెనని వారు కనుగొనిరి. కుడిచేతి ఆటగానికి అది ఎడమ మోకాలు. మా విద్యార్థికి జరిగినదియు సరిగా ఇదియే.

నెట్టు దగ్గఱ అడుగు చాచునప్పుడు మడమ ముందుగా ఆనవలెను. వ్రేళ్లు షటిల్ వైపునకు చూడవలెను.

బలము కొఱకు ఖరీదైన సాధనములు అక్కఱలేదు. మా చిన్ననాడు శిక్షగా వేయించిన గోడకుర్చీ నేడు మోకాలికి ఔషధము. వీపును గోడకానించి, ముప్పది సెకనులచొప్పున మూడుసారులు కూర్చుండుడు. గుంజీలుకూడ అట్లే, చెవులు పట్టుకొననక్కఱలేదు, పూర్తిగా క్రిందికి పోనక్కఱలేదు, కుర్చీయెత్తువఱకు మెల్లగా వంగి లేచినచో చాలును. పదేసిచొప్పున మూడు విడతలు చేయుడు. ఒంటికాలిపై అరనిమిషము నిలుచుట, మడమలెత్తి దింపుట, వెల్లకిల పండుకొని మోకాళ్లు ముడిచి నడుమును పైకెత్తుట - వీనిని వారమునకు రెండు మూడు దినములు చేసినచో తొడయు తుంటియు బలపడి మోకాలి భారమును పంచుకొనును. సాగు గుడ్డతో చేసిన మోకాలితొడుగు వెచ్చదనమును ధైర్యమును ఇచ్చును గాని, ఈ అభ్యాసములకు బదులు కాజాలదు.

7. నొప్పిని దాచకుడు

ఆడిన మఱునాడు కండలు పట్టివేసినట్లుండుట సహజము; రెండు మూడు దినములలో పోవును. కీలునందలి నొప్పి వేఱు. పెరుగు వయస్సున ఎక్కువగా ఎగిరి దూకు పిల్లలకు మోకాలిచిప్ప క్రింది యెముకబొడిపెయొద్ద నొప్పి కలుగును. ఇది పెరుగుదలతో సాధారణముగా తగ్గిపోవునదే యైనను, అంతవఱకు ఎగురుళ్లను తగ్గింపవలెను, వైద్యునకు చూపవలెను. మోకాలిలో టప్పుమని చప్పుడైనను, కొన్ని గంటలలో వాచినను, కాలు మోపినప్పుడు మోకాలు విడిచిపోవునట్లు తోచినను, ముడిచినది చాచరాక బిగిసికొన్నను, ఆలస్యము చేయక వైద్యునివద్దకు పోవలెను. అంతవఱకు ఆట ఆపి, మంచును గుడ్డలో చుట్టి పదునైదు ఇరువది నిమిషములు ఉంచి, కాలిని ఎత్తుగా పెట్టవలెను. వాచినదానిని గట్టిగా రుద్దుటయు, లాగి సరిచేయబోవుటయు హానికరము.

ఎగిరి దిగు ఆటలలో ఈ కత్తెర బంధనము తెగు భయము బాలురకంటె బాలికలకు అధికమని వైద్యులు చెప్పుదురు. బాలికలు నొప్పిని మఱింత దాచుకొందురు; ఆట మాన్పింతురేమో యని వారి భయము. నొప్పి చెప్పిన పిల్లను ఆట మాన్పింపక, ఆట మార్చుట పెద్దల ధర్మము.

గొప్ప ఆటగాండ్రకును ఈ పరీక్ష తప్పలేదు. స్పెయిన్ దేశపు కరోలినా మారిన్ 2016లో రియో ఒలింపిక్సునందు మన సింధును ఓడించి స్వర్ణపతకము పొందెను. ఆమెది ఎడమచేతి ఆట. 2019 జనవరిలో ఇండొనేషియా మాస్టర్స్ అంతిమ పోటీలో సైనా నెహ్వాల్‌తో ఆడుచు ముందంజలో నున్నప్పుడు ఆమె కుడిమోకాలి బంధనము తెగెను. 2021లో ఎడమ మోకాలు. 2024లో పారిస్ ఒలింపిక్సు సెమీఫైనలులో గెలుపునకు చేరువగా నున్నప్పుడు మరల కుడి మోకాలు. ఆమెకు మంచి జోళ్లు కొదువయా? శిక్షకులు కొదువయా? కాదు. ఈ ఆట మోకాలిని ఎంతగా అడుగునో ఇందువలన తెలియుచున్నది. మన తెలుగువాడైన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలికి పెద్ద దెబ్బ తగిలెను. శస్త్రచికిత్సలు పొంది, ఓపికతో బలము కూడదీసికొని, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండు బిరుదమును గెలిచెను. నొప్పిని తిరస్కరించుటచే గాక, దానికి తగిన చికిత్సను, కాలమును ఇచ్చుటచేతనే అట్టి గెలుపు సాధ్యమగును.

మా విద్యార్థి ఇప్పుడు మరల ఆడుచున్నాడు. మునుపటివలె ఎగురడు; కాని చిన్నవారు కోర్టులోనికి పోవుటకు ముందు వారి జోళ్లను పరీక్షించువాడు అతడే. మొదటిదినమున అతడు ఒక చిన్నవాని యెదుట వంగి, బొటనవ్రేలు ఎచ్చట నున్నదో నొక్కి చూచుచుండగా మాకు సంతోషమును కలిగెను, సిగ్గును కలిగెను. ఆ పనిని మేమే అతనికి చేసియుండవలసినది.

విద్యార్థులారా, మీకు ఈయబడిన మోకాళ్లు రెండే. వానితోనే ఆడుదురు, వానితోనే వృద్ధాప్యమున మెట్లెక్కుదురు, వానిమీదనే ప్రభువు సన్నిధిని వంగుదురు. నొప్పి కలిగిననాడు దాచక వచ్చి చెప్పుడు. ఈసారి మేము వీపు తట్టి పంపము; కూర్చుండబెట్టి, జోళ్లు విప్పించి చూతుము.